ఎర్ర చుక్క కొనే ముందు... మీకు తెలుసా?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా ఏ ఊళ్లో చూసినా, వేసవి సెలవులొస్తే పిల్లల కోరికల చిట్టాలో ఎయిర్ గన్ ఒకటి ఉంటుంది. ఈమధ్య దానికి రెడ్ డాట్ తోడైంది. ఫోన్ ఆటల్లో తుపాకీ మీద వెలిగే ఎర్ర చుక్కను చూసి చూసి, అది బిగిస్తే చాలు గురి దానంతటదే కుదురుతుందని పిల్లలు నమ్ముతున్నారు. "చుక్క పెట్టిన చోటే తగులుద్దంట బాబాయ్, కొనిపెట్టవా?" అని అడిగే పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏం చెప్పాలో పెద్దవాళ్లకు తోచదు. అడిగిందే తడవుగా కొనిస్తారు, లేదంటే కసిరి పంపేస్తారు. ఆ చుక్క ఏం చేస్తుందో, ఏం చేయలేదో, దాన్ని ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ వాడితే కేసవుతుందో తెలిస్తే ఆ రెండింటికీ మధ్య ఒక మంచి దారి దొరుకుతుంది. అలాంటి ఇళ్ల కోసమే ఈ నాలుగు సంగతులు.

మీకు తెలుసా? ఎర్ర చుక్కకు మూలపురుషుడు టెలిస్కోపులు చేసే మనిషి!

ఐర్లండ్‌లోని డబ్లిన్ నగరంలో గ్రబ్ కుటుంబానికి టెలిస్కోపులు తయారుచేసే కార్ఖానా ఉండేది. ఆ ఇంటి వారసుడు హోవర్డ్ గ్రబ్ 1900లో తుపాకులకు, ఫిరంగులకు పనికొచ్చే కొత్తరకం సైట్‌కు, అంటే గురి చూసే సాధనానికి, పేటెంట్ తీసుకున్నాడు. ఆయన్ని వేధించిన చిక్కు ఇప్పటికీ ప్రతి కుర్ర షూటర్‌కూ ఎదురయ్యేదే. మామూలు తుపాకీలో వెనక ఒక గాడి, ముందు ఒక ముల్లు, దూరంగా లక్ష్యం. ఈ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకేసారి మూడింటినీ స్పష్టంగా చూడలేదు. ఒకటి తేటగా కనబడితే మిగతా రెండూ మసకబారతాయి. గ్రబ్ వాటి బదులు ఒక గాజుపలక పెట్టి, దాని మీద గురిగుర్తు ప్రతిబింబం పడేట్టు చేశాడు. ఆ గుర్తు గాజు మీద ఉన్నట్టు కాకుండా, దూరంగా లక్ష్యం దగ్గరే గాలిలో నిలిచినట్టు కనబడుతుంది. నక్షత్రాల కాంతిని కటకాలతో ఒడిసిపట్టడం తెలిసినవాడికే తట్టే ఆలోచన అది.

గ్రబ్ టెలిస్కోపు ఒకటి హైదరాబాద్‌కు కూడా వచ్చింది. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ చొరవతో మొదలైన నిజామియా అబ్జర్వేటరీలో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని ఉండేది. బేగంపేట నుంచి తెలుగువాళ్లు ఆకాశాన్ని చూసిన గాజుకూ, మీ పిల్లవాడు అడుగుతున్న చుక్కకూ పుట్టిల్లు ఒకటే.

గ్రబ్ సైట్‌కు బయటి వెలుతురే ఆధారం. తర్వాత అందులోకి చిన్న బల్బు వచ్చింది, యుద్ధ విమానాల్లోకి ఎక్కింది. 1962లో ఎర్రగా వెలిగే ఎల్‌ఈడీ పుట్టాక దారి సుగమమైంది. 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ ఎల్‌ఈడీతో పనిచేసే రెడ్ డాట్‌ను బజారులోకి తెచ్చింది.

మీకు తెలుసా? రెడ్ డాట్ నుంచి బయటికి ఏ కిరణమూ పోదు!

లేజర్ వేరు, రెడ్ డాట్ వేరు. లేజర్ ఎర్ర మచ్చ వెళ్లి లక్ష్యం మీద పడుతుంది, ఎదుటివాళ్లకూ కనబడుతుంది, కంట్లో పడితే చూపుకు ప్రమాదం. రెడ్ డాట్‌లో ఎల్‌ఈడీ వెలుగు ముందున్న కటకానికి తగిలి, వెనక్కి తిరిగి మన కంటికే వస్తుంది. ఆ కటకం మీద ఎరుపును మాత్రమే వెనక్కి కొట్టే పల్చటి పూత ఉంటుంది. అందుకే ఆ గాజులోంచి చూస్తే లోకం కాస్త నీలంగానో పచ్చగానో అనిపిస్తుంది. చవక రకాల్లో ఈ ఛాయ మరీ చిక్కగా ఉంటుంది, సాయంత్రం అడవి అంచున చూస్తే లక్ష్యమే మసకబారుతుంది. దుకాణంలో పెట్టె విప్పగానే వెలుతురు వైపూ, నీడ వైపూ తిప్పి ఈ గాజులోంచి చూడండి. ఆన్‌లైన్‌లో లేజర్‌ను కూడా ఇదే పేరుతో అమ్ముతుంటారు. పిల్లలున్న ఇంట్లోకి దాన్ని రానివ్వకండి.

మీకు తెలుసా? పదో నంబరు మచ్చ కన్నా ఎర్ర చుక్కే ఎన్నో రెట్లు పెద్దది!

అసలు విషయం ఇక్కడుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యపత్రం మీద పది పాయింట్ల మచ్చ వ్యాసం అర మిల్లీమీటరు. అవును, అర మిల్లీమీటరే. దాని చుట్టూ తొమ్మిది పాయింట్ల వలయం 5.5 మిల్లీమీటర్లు, ఎనిమిదిది 10.5. చిట్టచివరి ఒకటో వలయం కూడా 45.5 మిల్లీమీటర్లు దాటదు.

ఇప్పుడు చుక్క సంగతి. దాని సైజును ఎంఓఏల్లో చెబుతారు. డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక ఎంఓఏ. 100 మీటర్ల దూరంలో అది 29 మిల్లీమీటర్లను కప్పుతుంది, 10 మీటర్ల దూరంలో 2.9 మిల్లీమీటర్లను. తక్కువ ధర సైట్లలో ఎక్కువగా దొరికేవి 3, 4, 5 ఎంఓఏ చుక్కలు. 4 ఎంఓఏ చుక్కను 10 మీటర్ల లక్ష్యం మీద పెడితే 11.6 మిల్లీమీటర్ల మేర కనుమరుగవుతుంది. అంటే ఎనిమిదో వలయమంతా చుక్క కిందే దాక్కుంటుంది. చూడాల్సిన చోటే కనబడకపోతే గురి దేనికి పెట్టాలి?

కాబట్టి కొనేటప్పుడు ఎంత వీలైతే అంత చిన్న చుక్క ఉన్నది చూడండి, 2 లేదా 3 ఎంఓఏ. వెలుగు తగ్గించుకునే మీట తప్పనిసరిగా ఉండాలి. వెలుగు ఎక్కువైతే చుక్క ఉబ్బి ఇంకా పెద్దదవుతుంది. లక్ష్యం మీద చుక్క సన్నగా, కనబడీ కనబడనట్టు ఉండేంత వరకు తగ్గించి వాడాలి.

పోటీల మాట వేరు. అంతర్జాతీయ నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో రెడ్ డాట్‌కు గానీ, స్కోప్‌కు గానీ అనుమతి లేదు. వెనక సన్న రంధ్రం, ముందు గుండ్రటి వలయం, అంతే. నల్లటి లక్ష్యాన్ని వలయం మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ తెల్లటి అంచు సమంగా ఉందా లేదా చూసుకుంటారు. లక్ష్యాన్ని కప్పకుండా చుట్టుముట్టే పద్ధతి ఇది. అర మిల్లీమీటరు మచ్చను కొట్టడం దానివల్లే సాధ్యమైంది. మన దేశవాళీ పోటీల్లో ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్‌కు విడిగా విభాగం కూడా ఉంది. మీ పిల్లవాడికి పతకాల మీద ఆశ ఉంటే రెడ్ డాట్‌కు పెట్టే డబ్బు పెల్లెట్లకు, లక్ష్యపత్రాలకు పెట్టండని నా సలహా. సరదాగా డబ్బాలు కొట్టడానికి, తుపాకీ పట్టడం అలవాటు కావడానికి అయితే రెడ్ డాట్ పనికొస్తుంది.

మీకు తెలుసా? "పారలాక్స్ లేదు" అని డబ్బా మీద రాసినా నమ్మకూడదు!

తల కదిలితే చుక్క లక్ష్యం మీద నుంచి జారినట్టు కనబడటమే పారలాక్స్. నడుస్తుంటే చందమామ మన వెంటే వచ్చినట్టు, తల కాస్త కదిపినా చుక్క లక్ష్యం మీదే నిలుస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. చాలా దూరంలో ఉన్న లక్ష్యానికి అది నిజమే. 10 మీటర్లకు కాదు. 20 మిల్లీమీటర్ల కటకం ఉన్న సైట్‌లో కన్ను మధ్యలో కాకుండా అంచు నుంచి చూస్తే, దగ్గరి లక్ష్యం మీద గుండు దాదాపు ఒక సెంటీమీటరు పక్కకు పోవచ్చు. పైన చెప్పిన వలయాల లెక్కతో పోల్చితే అదెంత తప్పో అర్థమవుతుంది.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. తుపాకీలో పెల్లెట్ లేదని రెండుసార్లు రూఢి చేసుకుని, దిండు మీద కదలకుండా పెట్టండి. పది మీటర్ల దూరంలో గోడ మీద ఒక గుర్తు. చుక్క దాని మీద ఉండగా, తుపాకీని తాకకుండా తలను మెల్లగా పైకీ కిందికీ, పక్కలకూ కదపండి. చుక్క ఎంత జారుతుందో కళ్లారా కనబడుతుంది. ఇక పరిష్కారం ఒక్కటే. ప్రతిసారీ చెంప తుపాకీ కట్టెకు ఒకే చోట ఆనాలి, చుక్క కటకం నడిమధ్యన ఉండాలి. సైట్ మరీ ఎత్తుగా బిగిస్తే పిల్లలు చెంప ఆనించలేక తల పైకెత్తుతారు. అందుకే సైట్‌ను తుపాకీకి పట్టి ఉంచే మౌంట్ వీలైనంత పొట్టిది తీసుకోవాలి.

తుపాకీ పిల్లవాడికి సరిపోతుందా అనేదీ అప్పుడే చూడండి. తుపాకీ మడమను మోచేతి మడతలో ఆనిస్తే చూపుడు వేలు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోవాలి. అందకపోతే ఆ తుపాకీ అతనికి ఇంకా పెద్దదే, దానికి ఏ సైట్ పెట్టినా లాభం లేదు.

మీకు తెలుసా? చుక్క తోకచుక్కలా కనబడితే తప్పు కంటిది కావచ్చు!

కొంతమంది పిల్లలకు గుండ్రటి చుక్క కామాలాగానో, రెండు చుక్కలుగానో, చెదిరిన గీతలాగానో కనబడుతుంది. సైట్ పాడైందని దుకాణానికి పట్టుకుపోతారు. ముందు సైట్‌ను పక్కకు తిప్పి చూడండి. తోక కూడా సైట్‌తో పాటు తిరిగితే లోపం సైట్‌లో ఉంది. సైట్ తిరిగినా తోక అదే వైపు ఉంటే అది కంటిలోని సిలిండర్ పవర్, అంటే ఆస్టిగ్మాటిజం. బడిలో బోర్డు సరిగా కనబడటం లేదని చెప్పని పిల్లవాడు ఇక్కడ బయటపడతాడు. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. ఎరుపు సరిగా కనబడని పిల్లలూ ఉంటారు, మగపిల్లల్లో ఎక్కువ. వాళ్లకు ఆకుపచ్చ చుక్క ఉన్న సైట్ నయం.

మీకు తెలుసా? ఎయిర్ గన్ దెబ్బకు రైఫిల్ సైట్లు కూడా విరుగుతాయి!

మన దగ్గర దొరికే చవక ఎయిర్ గన్‌లలో ఎక్కువ భాగం గొట్టం విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ రకం. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరిదాకా వెళ్లి ఆగగానే తుపాకీ మళ్లీ ముందుకు తంతుంది. పెల్లెట్ గొట్టంలోంచి బయటపడే లోపే ఈ రెండు కుదుపులూ మొదలైపోతాయి. మామూలు తుపాకుల సైట్లు వెనక్కి వచ్చే దెబ్బకు తట్టుకునేలా చేస్తారు. ముందుకు వచ్చే దెబ్బకు లోపలి కటకాలు సడలుతాయి, సైట్ తాను బిగించి ఉన్న రైలు, అంటే తుపాకీ మీది పట్టాలాంటి గాడి, మీద వెనక్కి పాకుతుంది. స్ప్రింగ్ ఎయిర్ గన్‌కు ఆగుతుందా అని అడగకుండా కొనడం డబ్బు దండగ.

రైలు కొలత కూడా చూసుకోవాలి. ఎయిర్ గన్‌ల మీద సాధారణంగా 11 మిల్లీమీటర్ల సన్నటి డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. చాలా రెడ్ డాట్‌లు వెడల్పయిన వీవర్, పికటిన్నీ రైళ్లకు పట్టేవి. ఒకదానికొకటి పట్టకపోతే మధ్యలో అడాప్టర్ పెట్టాలి, దాంతో ఎత్తు పెరుగుతుంది, కొత్త చిక్కులు మొదలవుతాయి.

దుకాణంలోనే ఒక పరీక్ష చేయొచ్చు. సైట్‌ను బల్ల మీద కదలకుండా పట్టుకుని చుక్కను ఒక గుర్తు మీద పెట్టండి. పైకి తిప్పే మరను ఇరవై క్లిక్కులు, పక్కకు ఇరవై, తిరిగి కిందికి ఇరవై, మళ్లీ పక్కకు ఇరవై తిప్పండి. చుక్క చతురస్రం గీసి మొదలుపెట్టిన చోటికే రావాలి. రాకపోతే దాని మరలు అబద్ధం చెబుతున్నట్టే. తర్వాత అరచేత్తో నాలుగు దెబ్బలు తట్టి చూడండి. చుక్క ఆరిపోయినా, జరిగినా తిరిగి ఇచ్చేయండి. పేరుమోసిన కంపెనీల నకళ్లు ఎన్నో ఉన్నాయి. ఈ పరీక్ష ముందు పేరు చెల్లదు.

మీకు తెలుసా? ఒక్క దెబ్బ చూసి మర తిప్పితే ఎప్పటికీ గురి కుదరదు!

సైట్‌ను జీరో చేయడమంటే గుండు పడే చోటికి చుక్కను తీసుకురావడం. ఓపికతో చేస్తే ఒక పూటలో అయిపోయే పని. చాలామంది చెడగొట్టుకునేది కూడా ఇక్కడే.

ముందు బిగింపు. రైలు మీద నూనె తుడిచేసి, సైట్ బిగించి, మౌంటుకూ రైలుకూ కలిపి గోళ్ల రంగుతో ఒక సన్న గీత గీయండి. రేపు సైట్ జరిగితే గీత తెగి కనబడుతుంది. మొత్తం పని పూర్తయ్యేదాకా ఒకే రకం పెల్లెట్లు వాడాలి. రకం మారితే పడే చోటూ మారుతుంది.

మొదట 5 మీటర్ల దూరం నుంచి పెద్ద అట్టముక్క మీద కొట్టి, గుండు అసలు పత్రం మీద పడుతోందో లేదో చూడండి. పడుతుంటే 10 మీటర్లకు వెళ్లండి. తుపాకీ ముందు భాగాన్ని గట్టి బల్ల మీద నేరుగా ఆనించకూడదు, స్ప్రింగ్ తుపాకీ ఎగిరి పక్కకు కొడుతుంది. ఇసుక సంచి మీద అరచెయ్యి పెట్టి, అరచేతి మీద తుపాకీని ఆనించండి. గట్టిగా బిగించి పట్టకుండా, దాన్ని కుదుపుకు వదిలేసినట్టు పట్టుకోవాలి. చుక్కను ఒకే చోట పెట్టి అయిదు గుండ్లు కొట్టండి. ఎక్కడ పడుతున్నా ఆ అయిదు అయ్యేదాకా మర ముట్టుకోవద్దు.

ఉదాహరణకు అయిదు రంధ్రాలూ కలిసి గురి పెట్టిన చోటుకు 3 సెంటీమీటర్లు కింద, ఒకటిన్నర సెంటీమీటరు ఎడమన పడ్డాయనుకుందాం. మీ సైట్‌లో ఒక క్లిక్కు ఒక ఎంఓఏ అయితే, 10 మీటర్లకు క్లిక్కుకు 2.9 మిల్లీమీటర్లు. పైకి పది క్లిక్కులు, కుడికి అయిదు. మర మీద ఉన్న బాణం గుర్తు గుండు ఎటు జరుగుతుందో చెబుతుంది, చుక్క ఎటు జరుగుతుందో కాదు. ఇక్కడే చాలామంది తడబడి రెండింతలు తప్పు చేస్తారు. మళ్లీ అయిదు కొట్టండి. గుంపు మధ్య గురికి వస్తే ఆపేయండి.

గుంపే 3 సెంటీమీటర్ల మేర చెదిరి ఉంటే ఒకటి రెండు క్లిక్కుల తేడా కోసం తంటాలు పడటం వృథా. ముందు పిల్లవాడి ఊపిరి, ట్రిగ్గర్ నొక్కే తీరు, చెంప ఆనే చోటు సరిచేయాలి. ఆ పని ఏ సైటూ చేయదు.

మీకు తెలుసా? 10 మీటర్లకు సరిచేసిన తుపాకీ 5 మీటర్ల దగ్గర కిందికి కొడుతుంది!

చుక్క గొట్టానికి సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. గుండు గొట్టంలోంచి కిందనే బయల్దేరి, మెల్లగా చూపు గీతను కలుసుకుంటుంది. సెకనుకు 175 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్‌ను 10 మీటర్లకు జీరో చేస్తే, 5 మీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు కింద తగులుతుంది. పిల్లలు దగ్గర నుంచి డబ్బాను కొట్టి, తగలక, సైట్ చెడిపోయిందని మరలు తిప్పేస్తుంటారు. సైట్ చెడలేదు, దూరం మారింది.

మీకు తెలుసా? అడవి అంచున గురిపెడితే చట్టం ఏమంటుందో?

ఈ భాగం పెద్దవాళ్లు తప్పకుండా చదవాలి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు 2016 ఆయుధ నిబంధనల కింద లైసెన్స్ అక్కర్లేదు. ఆ హద్దు దాటితే కావాలి. నిప్పుతో పేలే తుపాకీ ఏదైనా సరే 21 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా కొనకూడదు, ఉంచుకోకూడదు. 12 ఏళ్లు దాటినవాళ్లకు లక్ష్యసాధన శిక్షణకు మాత్రం పెద్దల పర్యవేక్షణలో వెసులుబాటు ఉంది. ఊళ్లలో అక్కడక్కడ మిగిలిన, లైసెన్స్ లేని నాటు తుపాకీని పిల్లల చేతికివ్వడం మాట అటుంచి, ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్‌తో కూడా పిట్టను, కుందేలును, నెమలిని కొట్టడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవి పంది పొలం పాడుచేసినా సొంతంగా తుపాకీ ఎత్తే హక్కు రైతుకు లేదు, అటవీ అధికారులకు చెప్పాలి. కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. 2008 నుంచి పాపికొండలు జాతీయ పార్కు. వీటిలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే తప్పు. ఆ చట్టం దృష్టిలో ఆయుధమంటే తుపాకీ ఒక్కటే కాదు. విల్లు, బాణం, వల, ఉచ్చు, కత్తి, విషం కూడా అందులోకే వస్తాయి.

ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గరి దారుల్లో ఇంకో జాగ్రత్త అవసరం. దూరం నుంచి చూసేవాళ్లకు ఎయిర్ గన్‌కూ అసలు తుపాకీకీ తేడా తెలియదు. బైకు మీద భుజాన వేసుకుని పోయే కుర్రవాడికి ప్రాణం మీదికి రావచ్చు. సంచిలో పెట్టి, బిల్లు వెంట ఉంచుకుని, పెద్దవాళ్లే తీసుకెళ్లాలి.

మీకు తెలుసా? రెండు కళ్లూ తెరిచి గురిపెట్టడం ఇక్కడ పాత విద్యే!

భద్రాచలం ఏజెన్సీ కోయలకు, పాపికొండల కొండరెడ్లకు వెదురు విల్లు తరతరాలుగా చేతి ఆయుధం. 1940ల మొదట్లో కొండరెడ్ల మధ్య తిరిగిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో వాళ్ల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. వేసవి చివర విత్తనాల వేళ కోయలు చేసుకునే విజ్జ పండుంలో విల్లంబులతో అడవికి వెళ్లే ఆచారం ఉండేది. ఆ విల్లుకు గాడి లేదు, ముల్లు లేదు. రెండు కళ్లూ లక్ష్యం మీద, చెయ్యి దానంతటదే కుదురుకుంటుంది.

రెడ్ డాట్ కూడా సరిగ్గా అలాగే వాడాలి. ఒక కన్ను మూసి చుక్కకేసి చూస్తూ కూర్చునేవాళ్లు దాని వల్ల వచ్చే లాభాన్ని పోగొట్టుకుంటారు. చూపు లక్ష్యం మీదే ఉండాలి, చుక్క మధ్యలోకి దానంతటదే రావాలి. పోటీ రైఫిల్ రంధ్రపు సైట్‌తో చూపు ముందున్న వలయం మీద నిలపాలి, లక్ష్యం కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు. ఒక పద్ధతికి అలవాటు పడ్డ పిల్లవాడికి రెండోది మొదట్లో ఎదురుతిరుగుతుంది. దేనితో మొదలుపెట్టాలో ముందే తేల్చుకోమనేది అందుకే.

మీకు తెలుసా? కనబడని దాని మీద బాణం వేసిన కథ మనందరికీ తెలిసిందే!

భద్రాద్రి రాముడు శంఖచక్రాలతో పాటు విల్లంబులు పట్టినవాడు. పర్ణశాలకు వెళితే మాయలేడి కథ చెబుతారు. పిల్లలకు అంతకన్నా ముందు చెప్పాల్సింది రాముడి తండ్రి కథ. నీళ్ల చప్పుడు విని ఏనుగనుకుని దశరథుడు బాణం వేశాడు. తగిలింది కళ్లు లేని తల్లిదండ్రుల కోసం కడవ నింపుతున్న కుర్రవాడికి. లక్ష్యమేమిటో కళ్లతో చూడకుండా, దాని వెనక ఏముందో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదన్న నియమాన్ని దీనికన్నా బలంగా ఏ శిక్షణ పుస్తకమూ చెప్పలేదు.

పెల్లెట్ చిన్నదే, కానీ గాలిలో వందల మీటర్లు పోగలదు. కంటికి తగిలితే చూపు పోతుంది. లక్ష్యం వెనక పాత వార్తాపత్రికలు కుక్కిన అట్టపెట్టె, దాని వెనక మట్టిదిబ్బ ఉండాలి. రాయి, రేకు, నీళ్లు, కరెంటు స్తంభం, తాటిచెట్టు మొద్దు వీటి మీద కొడితే గుండు తిరిగి ఎటైనా వస్తుంది. కొట్టేవాళ్లకూ, పక్కన నిలబడ్డవాళ్లకూ కంటి అద్దాలు ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మీకు తెలుసా? ఈ అడవుల్లో తుపాకీ కోసం పోలీసు స్టేషన్ల మీదికే వెళ్లారు!

భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, రంప ఏజెన్సీకి ఆనుకుని. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసింది తుపాకుల కోసమే. విల్లంబులకు అలవాటుపడ్డ చేతులు తుపాకీ కోసం వెతికిన రోజులవి.

మీకు తెలుసా? మనవాళ్ల పతకాలు బ్యాటరీ లేని సైట్లతో వచ్చినవే!

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయసులో ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. ముగ్గురూ హైదరాబాదీలే. అక్కడ రేంజ్‌లు, కోచ్‌లు దగ్గర. ఖమ్మం, భద్రాచలం పిల్లలకు ఆ వసతి అందుబాటులో లేకపోవడం నాకు బాధగా ఉంది. విల్లుపట్టు రక్తంలో ఉన్న ఏజెన్సీ పిల్లలకు ఒక 10 మీటర్ల గది, నాలుగు మంచి ఎయిర్ రైఫిళ్లు ఇస్తే చాలదా? ఎయిర్ రైఫిల్ రేంజ్‌కు పెద్ద మైదానం అక్కర్లేదు, బడి వరండా సరిపోతుంది.

అప్పటిదాకా ఒక దారి ఉంది, ఎన్‌సీసీ. హైస్కూల్లోనే చేరవచ్చు. .22 రైఫిల్‌తో 25 గజాల రేంజ్‌లో, అధికారుల కనుసన్నల్లో కాల్పులు నేర్పుతారు. ఖర్చు ఇంటిది కాదు. మీ బడిలో ఎన్‌సీసీ ఉంటే ఎయిర్ గన్ బిల్లు కట్టే ముందు అక్కడికి వెళ్లి మాస్టారిని అడగండి.

మీకు తెలుసా? కొత్తగూడెం ఎండ సైట్‌ను కూడా వదలదు!

ఈ ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. మూసిన కారులోనో, రేకుల షెడ్డులోనో పెడితే లోపలి జిగురు మెత్తబడుతుంది, చుక్క జరుగుతుంది, గుండ్రటి బ్యాటరీ కారి రాగిరేకు పచ్చబడుతుంది. వానాకాలం గోదావరి తేమకు కటకం లోపల ఆవిరి కమ్ముతుంది. వాడనప్పుడు బ్యాటరీ తీసేసి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సైట్ దాచండి. ఎయిర్ గన్‌ను బీరువాలో తాళం వేసి, పెల్లెట్లను మరోచోట తాళంలో పెట్టి, ఆ రెండు తాళంచెవులూ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే ఉంచండి.